పుట్టగొడుగు చెప్పే లెక్క

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కామర్స్ చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది జమాఖర్చులు. అయినా ఈరోజు పుట్టగొడుగు గురించి నాలుగు మాటలు చెబుతాను. అందులోనూ ఒక మంచి జమాఖర్చుల లెక్క ఉంది.

"కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అంటూ ఉంటాం. పునాది లేకుండా రాత్రికి రాత్రే లేచాయని మన భావం. నిజానికి ఆ పేరును విడదీసి చూస్తే సంగతి వేరుగా ఉంది. పుట్ట మీద మొలిచే గొడుగు కాబట్టి పుట్టగొడుగు. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్టను కట్టింది పాములు కావు, చెదపురుగులు. ఆ చెదలకూ ఈ గొడుగుకూ ఉన్న సంబంధాన్ని మన పూర్వులు పేరులోనే పెట్టారు.

వానలు పడ్డాక, ఆకులు రాలిన అడవి నేలలో, చెదపుట్టల మీద, వాటి పక్కన ఒక రకం పుట్టగొడుగులు లేస్తాయి. శాస్త్రజ్ఞులు వీటిని టెర్మిటోమైసిస్ అంటారు. గొడుగు నడిమధ్య గట్టి మొన ఉంటుంది, మట్టిని చీల్చుకుని పైకి రావడానికి. కాడ నేల దగ్గర ఆగదు. వేరులా సన్నబడుతూ లోలోపలికి దిగిపోతుంది. దాన్ని అనుసరించి తవ్వితే చివరికి చెదల తోట కనిపిస్తుంది.

తోట అని ఊరికే అనలేదు. చెదలు ఎండుటాకులు, పుల్లలు నమిలి మింగి, ఆ మలంతో పుట్ట లోపల తేనెపట్టు లాంటి అరలు కడతాయి. ఆ అరల మీద ఈ శిలీంధ్రం పెరుగుతుంది. కొయ్యలోని గట్టి పదార్థాన్ని అరిగించడం చెదలకు కష్టం. ఆ పని శిలీంధ్రం చేసిపెడుతుంది. మెత్తబడిన పాత అరలను, శిలీంధ్రం మీద వచ్చే తెల్లని చిన్న గుళికలను చెదలు తింటాయి. బదులుగా తోటకు వెచ్చదనం, తేమ, ఎరువు సమకూర్చి, కలుపు శిలీంధ్రాలను అణచి ఉంచుతాయి. చెదలు వదిలేసిన తోటను కలుపు శిలీంధ్రాలు ఆక్రమిస్తాయి. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది భాగస్వామ్య ఖాతా. ఇద్దరిలో ఎవరు పని మానినా ఖాతా మూతపడుతుంది.

మనిషి వ్యవసాయం మొదలుపెట్టి సుమారు 10,000 ఏళ్లు. చెదలు ఈ సేద్యాన్ని ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట మొదలుపెట్టాయని పరిశోధకుల అంచనా.

ఈ కథలో మన ప్రాంతానికీ చోటుంది. లినేయస్ శిష్యుడు కోనిగ్ అనే వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చాడు. తంజావూరు ప్రాంతపు చెదపుట్టలను పరిశీలించి, వాటి లోపలి శిలీంధ్రం గురించి 1779లో రాశాడు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసి, 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో కన్నుమూశాడు. టెర్మిటోమైసిస్ అనే పేరు పెట్టినవారు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజే హైమ్, 1942లో. మద్రాసు విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర కేంద్రానికి చెందిన కె. నటరాజన్ 1979లో దక్షిణ భారతపు రకం ఒకదాన్ని కొత్త జాతిగా వర్ణించి, ఆ ఫ్రెంచి పెద్దాయన గౌరవార్థం టెర్మిటోమైసిస్ హైమీ అని పేరు పెట్టారు. ఆ కేంద్రం మన గిండీలోనే ఉంది.

ఇంకా తేలని లెక్క ఒకటుంది. బటన్ పుట్టగొడుగును, చిప్ప పుట్టగొడుగును షెడ్లలో పండించి అమ్ముతున్నాం. రుచిలో పేరున్న ఈ చెదల పుట్టగొడుగును మాత్రం వ్యాపార స్థాయిలో పండించడం మనిషికి ఇంకా చేతకాలేదు. చెదపురుగుకు వచ్చిన పని మనకు రాలేదు! మీలో సైన్సు చదివే పిల్లలు దీన్ని గుర్తుపెట్టుకోండి.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఈ మాట విని ఎవరూ దొరికిన పుట్టగొడుగు కోసి వండుకోవద్దు. వానల తర్వాత పచ్చిక బయళ్లలో లేచే పెద్ద తెల్ల గొడుగుల్లో, తింటే వాంతులు, విరేచనాలతో మంచాన పడేసే రకం ఉంది. ప్రాణం తీసే రకాలూ లోకంలో ఉన్నాయి. ఉడకబెడితే విషం పోతుందని, వెండి చెంచా నల్లబడకపోతే మంచిదని చెప్పే మాటలు నమ్మకండి. పిల్లలు చూడండి, బొమ్మ గీయండి, ఫోటో తీయండి. కోయకండి.

ఇక అసలు మాట. పైకి లేచిన గొడుగు నాలుగు రోజులు ఉండి వాడిపోతుంది. దాని కింద తోట మాత్రం ఎన్నో నెలలుగా చీకట్లో సాగిన పని. మార్కుల జాబితాలో పేరు కనబడటం గొడుగు లాంటిది. తెల్లవారుజామున లేచి చదివిన చదువు, ఆ పక్కన అమ్మ కాచి ఇచ్చిన కాఫీ, నాన్న చేసిన ఓవర్‌టైము, ఇవి నేల కింది తోట. పక్కింటి అబ్బాయికి ర్యాంకు రాత్రికి రాత్రే వచ్చిందనుకుని మీ పిల్లల్ని తొందరపెట్టకండి. అక్కడా కింద తోట ఉండే ఉంటుంది.

మరొక్కటి. ఆ గొడుగు తన కోసం పైకి రాదు. దాని నుంచి రాలిన విత్తుల్లాంటి రేణువులను, కొత్తగా పుట్ట పెట్టుకునే చెదలు చాలా జాతుల్లో ఏరి తీసుకెళ్లి తమ తోట మొదలుపెడతాయి. కొత్త కాపురానికి అదే మొదటి పెట్టుబడి. ఈరోజు మీ చేతికి వచ్చిన చెక్కు అలాంటిదే. ఒకప్పుడు ఎవరో పైకి వచ్చి రాల్చిన రేణువు. మీ వంతు వచ్చినప్పుడు, మీ తర్వాతి పిల్లల కోసం మీరూ కొంత రాల్చండి.