ప్రదర్శనశాలలో ప్రక్కవారు

చిత్రప్రదర్శనమునకు పోయి ప్రక్కవారితో పలుకక మరలివచ్చుట మనకు అలవాటు. విశాఖ సముద్రతీరమున రోడ్డుకు ఇరుప్రక్కల, 2002లో కురుసుర జలాంతర్గామియు, 2017లో టీయూ-142 విమానమును ప్రదర్శనశాలలైనవి. మేము రెండును చూచితిమి. విమానశాలలో చెవికి తగిలించుకొను యంత్రము వివరములు చక్కగా చెప్పును. అయితే ఏ చెవియంత్రమైనను ప్రక్కవారి ప్రశ్నను విననీయదు గదా! జలాంతర్గామిలో విశ్రాంత నావికులే దారి చూపుదురు. ఇరుకు ద్వారమున తల వంచినవాడు వెనుకవానిని హెచ్చరించును. ఎవరి బిడ్డనో ఎవరో చేయందించి దాటింతురు. ఇందు 75 మంది ఎట్లు కాపురముండిరని అపరిచితులే ఒకరినొకరు అడుగుకొందురు. చిత్రశాలలవారికి మా మనవి: యంత్రమొక్కటి ఇద్దరు వినునట్లు అమర్చుడు, పటము ఎదుట ఇద్దరు కూర్చుండు బల్ల వేయుడు.