తిరుగును గాని అందుకొనదు



మన పల్లెలలో లారీ యనునది నేడు పట్టణపు వస్తువు కాదు. కళ్లములోని ధాన్యము మిల్లునకు చేరవలెనన్నను, నరికిన చెరకు ఫ్యాక్టరీకి పోవలెనన్నను, మిరపబస్తాలు గుంటూరు యార్డులో దిగవలెనన్నను దానినే నమ్ముకొని యున్నాము. కొత్తవి యెన్ని వచ్చినను పాత లారీలు పల్లెత్రోవల నింకను తిరుగుచునే యున్నవి. అట్టి లారీ బరువెత్తుకొని బయలుదేరవలసిన వేళ, సెల్ఫు తిరుగుచున్నను ఇంజను అందుకొనక మొరాయించినచో ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో ఈ పూట మనవి చేయదలచితిని. నేను చాలకాలముగా ఈ యంత్రములను బాగుచేయు పనిలో నున్నవాడను.

మేము డ్రైవర్లము కాము, మాకిది యేల యని మీరడుగవచ్చును. లారీ ఆగినచోట పదిమంది చేరుదురు. ఒకడు తోయుమనును, ఒకడు ట్రాక్టరుతో లాగుమనును, ఒకడు పానా పట్టుకొని కనబడిన మరనెల్ల విప్పును. అప్పుడు ఆగుడని చెప్పి ఆపగల మాట మీది. ఆ మాట తెలిసి పలికినచో బండియు దక్కును, మనుష్యులును దక్కుదురు.

నేను చెప్పునది పాత పద్ధతి డీజిలు ఇంజనులను గూర్చియే. జంషెడ్‌పూరులో టాటా బెంజి లారీల తయారీ 1954లో మొదలైనది. అది మొదలు చాలకాలము మన రోడ్లపై తిరిగిన లారీల డీజిలు పంపులు ఇనుముతో చేసిన యంత్రములే గాని వానిలో కంప్యూటరు లేదు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్. 6 బండ్ల సంగతి వేరు. వాని డీజిలు పైపులను మనము ముట్టరాదు.

మొదట ఇంజను ఎట్లు మండునో తెలియవలెను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు ప్లగ్గు కలదు. 1897లో జర్మనీదేశపు ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిల్ అనునతడు నడిపి చూపిన ఇంజనులో నట్టి ప్లగ్గు లేదు. సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరెల్లరు ఎరుగుదురు. ఇక్కడను అంతే. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు 16వ వంతునకో 17వ వంతునకో అదిమివేయును. ఆ గాలి సుమారు 500 డిగ్రీల వేడి కెక్కును. సరిగా ఆ క్షణమున నాజిల్ డీజిలును సన్నని తుంపరగా చిమ్మును. డీజిలు తనంతట తానంటుకొనుటకు 250 డిగ్రీల వేడి చాలును గనుక వెంటనే మండును. కావున ఇంజను అందుకొనలేదనిన, గాలి చాలకపోవలెను, లేదా అదుము చాలకపోవలెను, లేదా డీజిలు అందకపోవలెను. పాత లారీలలో ఎక్కువసార్లు దోషము ఈ మూడవదానియందే యుండును.

ఇక పరీక్షాక్రమము. ముందుగా గేరు న్యూట్రల్‌లో నుంచి, హ్యాండుబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టించుడు. పిల్లలను దూరముగా పంపుడు. ఇది చేయక ఏ మరపైనను చేయి వేయనీయవలదు.

తరువాత ఖర్చులేని మూడు సంగతులు చూడవలెను. మొదటిది, ఇంజను ఆపుటకు లాగు స్టాపు కేబులు. అది తుప్పుపట్టి వెనుకకు రానిచో పంపు డీజిలును విడువదు. పంపు దగ్గరి మీట పూర్తిగా తన స్థానమునకు వచ్చినదా యని కంటితో చూడవలెను. రెండవది ట్యాంకు. మీటరు ముల్లును నమ్మక శుభ్రమైన పుల్ల దించి కొలువుడు. మూత రంధ్రము దుమ్ముతో పూడినచో లోనికి గాలి రాక డీజిలు కదలదు. మూత వదులు చేసిన వెంటనే బుస్సుమను ధ్వని వచ్చినచో దోషము దొరకినట్లే. మూడవది సెల్ఫు వేగము. నిమిషమునకు నూరు చుట్లైనను తిరుగక మూల్గుచున్నచో గాలి వేడెక్కదు. బ్యాటరీ తీగల కొనలయందు పట్టిన తెల్లని పొడిని గీకి బిగించి చూడుడు.

ఇవి సరిగా నున్నచో ఒకనిని పొగగొట్టమువైపు నిలిపి సెల్ఫు తిప్పించుడు. పొగయే రానిచో డీజిలు సిలిండరునకు చేరుటలేదు. డీజిలు వాసనగల తెల్లని పొగ వచ్చినచో డీజిలు చేరుచున్నది గాని మండుటలేదు. అప్పుడు బ్యాటరీనో, డీజిలులోని నీటినో, ఇంజను అరుగుదలనో అనుమానింపవలెను. నల్లని పొగ దట్టముగా వచ్చినచో ఎయిర్ ఫిల్టరు మూసికొని గాలి చాలుటలేదేమో చూడవలెను. సెల్ఫును పది పదిహేను సెకండ్లకు మించి ఒక్కబిగిని తిప్పరాదు. నడుమ ఒక నిమిషమైనను విరామ మీయనిచో సెల్ఫు మాడును, బ్యాటరీ చచ్చును.

పొగ లేనిచో చాలవరకు పైపులో గాలి చొచ్చియుండును. దీనినే డ్రైవర్లు ఎయిర్ పట్టినదందురు. డీజిలు అదిమిన తగ్గదు. గాలి అదిమిన తగ్గును. కావున పంపు ఎంత కొట్టినను నడుమనున్న గాలిబుడగ నలిగి మరల ఉబ్బునే గాని నాజిల్ తెరచుకొనదు. దానిని వెడలించు విధము వినుడు. ఫిల్టరుపైనున్న చిన్న మరను వదులు చేసి, ఫీడ్ పంపుపైనున్న చేతిపంపును కొట్టవలెను. మొదట నురుగు వచ్చును. బుడగలు లేని నిండుధార వచ్చువరకు కొట్టి, ధార పారుచుండగనే మర బిగింపవలెను. తరువాత పెద్ద పంపుపైనున్న మరకడను అట్లే చేయవలెను. ఫిల్టరు అడుగుననున్న డీజిలును గాజుగ్లాసులోనికి వదలి కొంతసేపుంచినచో, నీరున్న యెడల అది క్రిందికి దిగి వేరుగా కనబడును.

ఎంత కొట్టినను బుడగలు ఆగనిచో ట్యాంకునకును ఫీడ్ పంపునకును నడుమ ఎక్కడనో గాలి లోనికి పోవుచున్నది. ఇచ్చట పెద్దలు ఒక సూక్ష్మము గమనింపవలెను. ఆ భాగమున డీజిలు పీల్చబడునే గాని నెట్టబడదు. కావున చిల్లు ఉన్నను బొట్టు కారకపోవచ్చును. తడి లేదు గదా యని పైపు మంచిదనుకొనరాదు. రాత్రియెల్ల నిలిచిన బండి ఉదయము మాత్రమే మొరాయించుట దీనికొక గురుతు.

ఈ విషయమై నేను చూచిన తగవొకటి చెప్పెదను. చెరకు బరువుతో నొక లారీ ఊరి చెరువుకట్టపై ఆగినది. చెరకు ఎండినకొలది తూకము తగ్గును గనుక రైతు తొందరపడుచుండెను. డ్రైవరు డీజిలు దొంగిలించి అమ్ముకొని, మిగిలినదానిలో కిరసనాయిలు కలిపినాడని యజమాని కేకలు వేసి, వాని నెలజీతము పట్టుకొందుననెను. వాడు ఏడ్చుచు దేవునిపై ప్రమాణము చేయుచుండెను. అచ్చటనున్న పెద్దమనిషి యొకరు, ముందు పరీక్ష, పిదప తీర్పు అనిరి. అప్పుడు ట్యాంకునుండి వచ్చు పైపును ఫీడ్ పంపుకడ విడదీసి, శుభ్రమైన డబ్బాలో ఆ ట్యాంకు డీజిలునే పోసి, డబ్బాను ఎత్తున నిలిపి, వేరొక రబ్బరు పైపుతో పంపునకు కలిపితిని. గాలి తీసి సెల్ఫు కొట్టగా ఇంజను అందుకొన్నది. డీజిలు మంచిదే, పంపు మంచిదే. ఇక దోషము పైపులోనే యుండవలెను. వెదకగా, క్లిప్పు ఊడినచోట పైపు ఛాసిస్‌కు రాచుకొని వెండ్రుకవాసి చీలియున్నది. చీలినచోటు కోసివేసి, మంచి గొట్టముతో అతికి, క్లిప్పు బిగించిన పిమ్మట బండి కదలినది. ఒక మనిషి నిజాయితీ ఆ క్లిప్పుపై నాధారపడి యుండెను.

ఇక చేయరానివి. పెద్ద పంపునుండి నాజిల్‌కు పోవు సన్నని ఉక్కుపైపులకడ మెకానిక్కు తప్ప మరెవ్వరును చేయి పెట్టరాదు. లారీ టైరులోని గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 100 పౌనులు. నాజిల్ తెరచుకొను ఒత్తిడి 2,500 మొదలు 3,000 పౌనులు. ఆ ధార చేతికి తగిలినచో చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. పైకి సూదిపోటంత గాయమే కనబడును, నొప్పియు మొదట స్వల్పమే. కాని లోపల కండ చెడి చేయి తీసివేయవలసిన స్థితి రావచ్చును. అట్టివానిని పసుపు పెట్టి ఇంట నుంచక ఆ గంటలోనే శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికి పంపుడు.

గాలి పోవు దారిలో పెట్రోలు పోయుటగాని, మండుచున్న గుడ్డ పట్టుటగాని కూడదు. మంట వెనుకకు తన్ని మనిషి ముఖమును కాల్చును. వాగు దాటుచు నీటిలో ఆగిన లారీని సెల్ఫు కొట్టుటయు, లాగి స్టార్టు చేయుటయు కూడదు. సిలిండరులో నీరున్నచో అది అణగదు గనుక కనెక్టింగు రాడ్డు వంగును. పెద్ద పంపును చెట్టుక్రింద విప్పనీయవలదు. దానిలోని భాగముల నడుమ సందు వెండ్రుక మందములో ఇరువదవ వంతైనను ఉండదు. ఒక్క ఇసుకరేణువు పడినచో పంపు చెడును. గాలి తీసినను, డబ్బాతో చూచినను అందుకొననిచో ఇక పంపు, నాజిళ్లు, సిలిండరుల అదుము పరీక్షించు సాధనములుగల షాపునకు తీసికొనిపోవుటయే మేలు.

మోకు తెచ్చి ట్రాక్టరుతో లాగించినను పైపులోని గాలి దానంతట వెడలదు. అరగంట నిదానము పెద్ద నష్టమును తప్పించును. రాళ్లు పెట్టుట, మీట, ట్యాంకు, సెల్ఫు, పొగ, పిదప గాలి తీయుట యను ఈ వరుస మీ ఊరి డ్రైవర్లచేత ఒకసారి తీరికవేళ చేయించి చూడుడు. ఆపదవేళ అది తప్పక అక్కరకు వచ్చును.