అప్పు చూసి ఇంటికి ధర కట్టొద్దు

(వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

ఆదివారం అంటే మనకి బట్టలుతుక్కోవడం, సెరంగూన్ రోడ్డుకెళ్లి సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి వీడియో కాల్ చేసుకోవడం. అందులోంచి రెండు గంటలు తీసి ఇక్కడికొచ్చారు. కాబట్టి సుత్తి లేకుండా నా లెక్కలే చెబుతాను.

నేను కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ని. డిప్లొమా చదివాను. ఇల్లు ఎలా కట్టాలో తెలుసు, ఎంతవుతుందో తెలుసు. కానీ నా ఇల్లు నేను అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు ధర చెప్పడం తెలియలేదు. దానికి 4 లక్షల 6 వేలు కట్టాను. ఎలాగో వినండి.

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర ఊరు. 2013లో ఇక్కడి సంపాదనతో నా పేరు మీద 4 సెంట్ల స్థలం కొని, 900 చదరపు అడుగుల ఇల్లు కట్టాను. స్థలం 3 లక్షలు, ఇల్లు 9 లక్షలు, మొత్తం 12. తర్వాత నాన్నకి జబ్బు చేసింది. ఆసుపత్రికి 6 లక్షలు అప్పయింది, నూటికి రెండు రూపాయల వడ్డీ. నాన్న పోయాక అమ్మని, నా భార్యాపిల్లల్ని చదువుల కోసం విశాఖ మార్చాను. ఊళ్లో ఇంటికి తాళం పడింది. అమ్మేద్దాం అనుకున్నాం.

2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. సంతబొమ్మాళి మండలం మా పక్కనే. ఊరంతా ఒకటే మాట: "పోర్టొస్తంది, రేట్లు ఆకాశానికెళ్తాయి." నేను ఇక్కడ డార్మిటరీలో మంచం మీద కూర్చుని ఫోన్లోనే లెక్క వేశాను. ఖర్చు పెట్టింది 12 లక్షలు రావాలి. అప్పు 6 లక్షలు తీరాలి. విశాఖలో చిన్న ఫ్లాటుకి చేతిలో 10 లక్షలైనా ఉండాలి. 12, 6, 10 కలిపితే 28. అంతే, ధర 28 లక్షలు అని బావకి చెప్పేశాను.

ఆ లెక్కలో తప్పెక్కడుందో చూశారా? అందులో నా ఖర్చుంది, నా అప్పుంది, నా ఆశ ఉంది. ఇల్లు లేదు. కొనేవాడు అసలే లేడు.

రెండు నెలలకి, జులైలో, రిటైరైన మాస్టారొకాయన వచ్చి చూశారు. పందొమ్మిదిన్నర లక్షలు ఇస్తానన్నారు. నాకు కోపం వచ్చింది. "మన కష్టమంటే ఆయనకి లెక్క లేదా బావా?" అన్నాను. బావ మెల్లగా, "మంచి బేరమేరా, ఆలోచించు" అన్నాడు. వినలేదు. మాస్టారు నెల చూసి పక్కవీధిలో ఇల్లు కొనుక్కున్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు 28 అనగానే కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఏడాది గడిచాక ఊళ్లో ఇంకో మాట పుట్టింది: "ఆ ఇంట్లో ఏదో తేడా ఉంది, అందుకే ఎవరూ కొనట్లేదు."

చివరికి 2025 జనవరిలో 18 లక్షలకి అమ్మాను. అదీ ఎందుకంటే, ఫిబ్రవరి 1 నుంచి ఆంధ్రాలో రిజిస్ట్రేషన్ విలువలు మారుతున్నాయని కొన్నాయన తొందరపడ్డాడు. ఇప్పుడు నష్టం చూడండి. వదులుకున్న బేరానికీ అమ్మిన ధరకీ తేడా లక్షన్నర. 6 లక్షలకి నెలకి 12 వేల వడ్డీ, 18 నెలలకి 2 లక్షల 16 వేలు. తాళం వేసిన ఇంట్లో చెమ్మ దిగి, తలుపులు చెదలు పట్టి, రిపేర్లకి 40 వేలు. మొత్తం 4 లక్షల 6 వేలు. అప్పటి మారకం రేటుతో మన లెక్కలో ఆరు వేల డాలర్ల పైమాట. ఆ 18 నెలలూ వడ్డీ అడగడానికొచ్చిన మనిషికి గుమ్మంలో నిలబడి జవాబు చెప్పింది నేను కాదు, నా భార్య. ఆ ఖర్చు ఈ లెక్కలో వెయ్యలేదు.

మరి సరైన ధర ఎలా కట్టాలి? నేను ఆలస్యంగా నేర్చుకున్న పద్ధతి ఇది.

మొదటిది, మీ చుట్టుపక్కల గత ఏడాదిలో నిజంగా అమ్ముడైన మూడు ఇళ్లు పట్టుకోండి. చెప్పిన ధర కాదు, చేతులు మారిన ధర. ఈ సింగపూర్‌లో చూడండి, ఏ వీధిలో ఏ హెచ్‌డీబీ ఫ్లాటు ఎంతకి అమ్ముడైందో ఎవరైనా చూసుకునేలా ప్రభుత్వమే పెడుతుంది. మన దగ్గర అంత సులువు కాదు. రిజిస్ట్రేషన్ కాగితం మీద తక్కువ వేసుకుంటారు, నోటితో ఎక్కువ చెప్పుకుంటారు. అందుకని అమ్మినవాళ్లని, కొన్నవాళ్లని, దస్తావేజులు రాసే ఆయన్ని, ముగ్గురినీ అడగండి. మధ్యలో నిజం దొరుకుతుంది.

రెండోది, స్థలం వేరు, కట్టడం వేరుగా లెక్కేయండి. మా వీధిలో అప్పుడు సెంటు రెండున్నర లక్షలు నడుస్తోంది. 4 సెంట్లకి 10 లక్షలు. ఇల్లు ఇవాళ కొత్తగా కడితే అడుగుకి 1,600 అనుకుందాం, 900 అడుగులకి 14 లక్షల 40 వేలు. కానీ అది పదేళ్ల ఇల్లు. సముద్రం దగ్గర ఉప్పుగాలి. 2018లో తిత్లీ తుపాను దెబ్బ కూడా తిన్నది. స్లాబులో ఊచలకి తుప్పు మొదలైంది. వేరేవాళ్ల ఇల్లయితే సూపర్‌వైజర్‌గా నేనే 40 శాతం తరుగు తీసేవాణ్ణి. నా ఇంటికి తియ్యలేదు. తీస్తే కట్టడం విలువ 8 లక్షల 64 వేలు. స్థలంతో కలిపి 18 లక్షల 64 వేలు. అంటే మాస్టారు నా ఇంటికి ఎక్కువే ఇస్తానన్నారు! నాకు కోపం వచ్చింది అందుకు.

మూడోది, బేరానికి కొంచెం జాగా ఉంచండి. నూటికి అయిదు చాలు. నా ఇంటికి పందొమ్మిదిన్నర చెప్పి పద్దెనిమిదిన్నర దగ్గర ఆగుండాల్సింది. కొనేవాడికి రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా ఉంటుంది, మన రెండు రాష్ట్రాల్లోనూ మొత్తం ఏడున్నర శాతం దాకా. 18 లక్షల మీద 1 లక్షా 35 వేలు. అది కూడా అతని జేబులోంచే వస్తుంది కాబట్టి అతను దాన్ని కలుపుకునే బేరం ఆడతాడు.

నాలుగోది, చేతికి వచ్చేది ఎంతో ముందే చూసుకోండి. ఇది నాకు చివర్లో తగిలిన దెబ్బ. మనం ఏడాదిలో ఎక్కువ భాగం ఇక్కడే ఉంటాం కాబట్టి ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో నాన్ రెసిడెంట్లం. మన దగ్గర కొన్నవాడు పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. రెండేళ్లు దాటిన ఆస్తికి పన్ను లాభం మీద పన్నెండున్నర శాతం, సెస్సుతో 13. నా లాభం 6 లక్షలు, పన్ను 78 వేలే. కానీ కోసింది మొత్తం 18 లక్షల మీద, 2 లక్షల 34 వేలు. తేడా 1 లక్షా 56 వేలు రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునేసరికి నెలలు పట్టింది. అమ్మకానికి ముందే ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసు నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఈ తిప్పలు ఉండవు. మీ లెక్క మీ ఆడిటరు చేత వేయించండి. కాగితం మీద తక్కువ చూపించి మిగతాది నోట్లకట్టలుగా తీసుకోమంటారు, ఒప్పుకోవద్దు. ఆ డబ్బు బ్యాంకులో వెయ్యలేం, రేపు దానితో ఫ్లాటూ కొనలేం.

అయిదోది, కాగితాల్లో లోటుంటే ధర అక్కడే పడిపోతుంది. ఇల్లు నాన్న పేరు మీదుండి, ఆయన వీలునామా రాయకుండా పోతే అమ్మకీ అక్కచెల్లెళ్లకీ సమాన వాటా. వాళ్ల సంతకం లేకుండా బేరం పెట్టొద్దు. ఈసీ ముందే తీయించి చూసుకోండి. ఊరికి వెళ్లలేక బావకో తమ్ముడికో పవర్ ఇస్తే, ఇక్కడ హైకమిషన్‌లో అటెస్టేషన్ చేయించి పంపండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు కట్టించాలి. ఎంతకి తక్కువకి అమ్మకూడదో కూడా అందులో రాయించండి.

చవగ్గా ఇచ్చెయ్యమని మాత్రం నేను చెప్పట్లేదు. మా టీమ్‌లో జగిత్యాల వైపు తమ్ముడొకడు పదిహేను రోజుల సెలవులో వెళ్లి, ఎవర్నీ అడక్కుండా 200 గజాల ప్లాటు మొదటి బేరానికే ఇచ్చేశాడు. రెండు నెలల తర్వాత పక్క ప్లాటు గజానికి 2 వేలు ఎక్కువకి పోయింది. 4 లక్షలు పోగొట్టుకున్నాడు. నేను ఆశతో పోగొట్టుకుంటే వాడు తొందరతో పోగొట్టుకున్నాడు. ఇద్దరం చెయ్యనిది ఒకటే: చుట్టుపక్కల రేటు కనుక్కోలేదు.

ఒక గడువు కూడా పెట్టుకోండి. మూడు నెలల్లో అయిదారుగురు వచ్చి చూసి, ఒక్కరూ బేరం ఆడకపోతే తప్పు ఇంటిది కాదు, ధరది. అప్పుడు ఒకేసారి సరైన ధరకి దిగండి. నెలకో యాభై వేలు తగ్గిస్తూ పోతే ఇంకా తగ్గుతుందని అవతలివాళ్లు కూర్చుని చూస్తారు.

మొన్న ఈ సంగతే చెబుతుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సరైన ధరకి అమ్మినా నా అప్పు తీరదు. అప్పుడేం చెయ్యాలి?" మంచి ప్రశ్న. ధర పెంచితే అప్పు తీరదు తమ్ముడూ, పెరుగుతుంది. అమ్మక తప్పదని తేలితే, వచ్చినంతా ముందు వడ్డీ ఎక్కువున్న అప్పుకి కట్టు. మిగిలినది జీతంలోంచి నెలనెలా తీరుతుంది. అసలు తగ్గిన రోజు నుంచే ఇంట్లో మనిషికి నిద్ర పడుతుంది.

ఇల్లంటే మనకి గోడలు కాదు, తెలుసు. ఎండలో కట్టిన ప్రతి పైసా అందులో ఉంది. కానీ ఆ కష్టానికి విలువ కొనేవాడు కట్టడు, కట్టలేడు. ఆ విలువ మనకీ మనవాళ్లకీ తెలిస్తే చాలు. ధర మాత్రం వీధిని అడిగి చెప్పండి.

ఎవరైనా ఇల్లో స్థలమో అమ్మే ఆలోచనలో ఉంటే సమావేశం అయ్యాక కాగితం, పెన్ను తెచ్చుకుని నా దగ్గరికి రండి. కూర్చుని లెక్క వేద్దాం. సెలవు.