వినతిపత్రానికి ఊతం



“ముస్లింలు వెనుకబడ్డారు” అని వినతిపత్రాల నిండా రాస్తాం. నిజమే, కానీ చదివే అధికారికి అది మన అభిప్రాయం మాత్రమే.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలందరికీ ప్రకటించిన 5 శాతం రిజర్వేషన్ హైకోర్టులో నిలవలేదు. బీసీ కమిషన్‌ను సంప్రదించకపోవడం అందుకొక ప్రధాన కారణం. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక మరో దారి పట్టింది. రోళ్లకు కక్కు కొట్టే తురక కాశలు, ఎలుగుబంట్లను ఆడించేవారు, ధోబీలు, ఫకీర్లు – ఇలా పేరుపేరునా చూపింది. సయ్యద్, పఠాన్ వంటి వర్గాలను మినహాయించింది. ఈ మాట కొందరికి కష్టం కలిగించవచ్చు గాని, వాదనకు బలమిచ్చింది ఆ మినహాయింపేనని నా నమ్మకం. ఆ 4 శాతాన్ని 2010లో హైకోర్టు కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది.

రేపు కలెక్టరుకిచ్చే కాగితంలో, మీ బస్తీలో పదో తరగతితో చదువు మానిన ఆడపిల్లలెందరో, ఉర్దూ బడిలో ఖాళీలెన్నో లెక్కించి రాయండి.