పుఱ్ఱెకు అతుకు: ఏ పదార్థము మేలు?
(నార్కట్‌పల్లి గ్రామస్థుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన నార్కట్‌పల్లి హైదరాబాదు–విజయవాడ రహదారి మీద నున్నది. వైద్య కళాశాలయు, దాని ఆసుపత్రియు ఈ ఊరనే కలవు. ప్రమాదములో తలకు దెబ్బ తగిలి, ప్రాణము దక్కి ఇల్లు చేరిన వారిలో కొందరికి పుఱ్ఱెలో కొంత భాగము లోపించియుండును. ‘మనిషి తినుచున్నాడు, నడచుచున్నాడు, తల మరల తెరువనేల? వరికోతలు కానిమ్ము’ అని ఇంటివారు కాలము గడుపుదురు. అది తగదు.

దెబ్బ తగిలిన మెదడు వాచును. పుఱ్ఱె సాగదు గనుక వాపునకు చోటు చాలక ప్రాణాపాయము కలుగును. అందుచే వైద్యులు ఎముక పలకను తీసివేయుదురు. వాపు తగ్గిన పిమ్మట, సాధారణముగా 3 మొదలు 6 నెలలకు, ఆ లోటును పూడ్తురు. దీనినే క్రేనియోప్లాస్టీ యందురు. గాయము చీము పట్టినచో మరికొంత కాలము ఆగవలెను. అంతవరకు ఆ ప్రక్కకు ఒత్తిగిలరాదు. తలకు రక్షణ కవచము ధరింపవలెను.

పూడ్చుటకు ముఖ్యముగా వాడు పదార్థములు నాలుగు విధములు. మొదటిది రోగి సొంత ఎముక. దానిని అతిశీతల యంత్రమునందో, పొట్ట చర్మము క్రిందనో దాచుదురు. చక్కగా అమరును, ఖర్చు తక్కువ. కాని కొందరిలో, ముఖ్యముగా పిల్లలలో, క్రమముగా అరిగిపోవును. నలిగినను, చీము పట్టినను పనికిరాదు. రెండవది ఆక్రిలిక్ సిమెంటు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున దీని వాడుక హెచ్చినది. పిండివలె కలిపి అచ్చుతీయుదురు; చవక, కాని దెబ్బకు పగులవచ్చును. మూడవది టైటానియం. తేలిక, గట్టిది, కాని పైచర్మము పలుచనైనచో బయటపడవచ్చును. నాలుగవది పీక్ అను ప్లాస్టిక్కు. స్కానింగు కొలతలను బట్టి తయారగును, వెల ఎక్కువ. చీము భయము అన్నిటికిని కలదు. కావున అందరికిని ఒకే పదార్థము మేలనరాదు. వయస్సు, గాయము, లోటు పరిమాణము, స్తోమత చూచి వైద్యునితో నిర్ణయింపవలెను.

అతుకు పడిన పిదప కొందరికి మాటయు నడకయు మెరుగుపడును. కాని మెదడుకు జరిగిన నష్టమంతయు తీరునని ఆశింపరాదు. మూర్ఛ మందులను సొంతముగా మానరాదు. జ్వరము, కుట్లవద్ద ఎఱుపు, చీము, వాంతులు, మగత, మూర్ఛ కనిపించిన వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇంటికి వచ్చునాడే రెండు సంగతులు అడిగి తెలిసికొనుడు: తీసిన ఎముక ఎక్కడ నున్నది? మరల ఎప్పుడు రావలెను? ఆ కాగితమును భద్రపరచుడు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినది. ఈ చికిత్సకు, కోరిన పదార్థమునకు అది వర్తించునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగా అడుగుడు.

ఏ పదార్థమైనను భగవద్దత్తమైన పుఱ్ఱెకు సాటిరాదు. మోటారు సైకిలెక్కునపుడు హెల్మెట్ ధరించి దానిని కాపాడుకొనుడు. తలలో లోటుతో తిరుగుచున్న వారు మీ ఇంటనున్నచో వరికోతలకై ఆగక వైద్యుని కడకు తోడ్కొనిపొండు.