బాలుర పాట – పెద్దల పూచీ

(పఠనమందిర వార్షికోత్సవమున నొక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



గత ఆదివారమున నీ మందిరపు వసారాలోనే పిల్లలచే నొక దేశభక్తి గీతము వల్లె వేయించుచుంటిని. దేశమునకై ప్రాణము నిత్తుమనుట దాని సారాంశము. పాట ముగిసినంతనే పదియేండ్ల బాలుడొకడు లేచి, "ఎప్పు డీయవలెనండీ?" అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఇరువది యేండ్లుగా న్యాయస్థానమున వాదించుచున్నవాడను, ఆ బాలునికి బదులు చెప్పలేకపోతిని.

మన ఒడంబడికల చట్టము 1872 నాటిది. దాని ననుసరించి, మైనరు చేసిన ఒడంబడిక మొదటినుండియు చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. మూడు సెంట్ల జాగా నమ్ముటకు చెల్లని బాలుని మాట, ప్రాణము నిచ్చెదనను ప్రతిజ్ఞకు చెల్లునా? ఈ సంశయముతోనే చీనాదేశపు బాలగీతముల చరిత్రను తిరుగవేసితిని. విప్లవకాలమున పిల్లల పాటను ఆ దేశమువారు నమ్మినట్లు నమ్మినవారు అరుదు.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో చీనాలో కొత్త తరహా బడులు వెలసెను. జపానుకు బోయి వచ్చిన షెన్ షిన్‌గుంగ్ మొదలైనవారు విదేశపు వరుసలకు స్వభాషలో మాటలు కూర్చి బడిపిల్లలకు నేర్పిరి. 1926లో జాతీయ విప్లవసైన్యము ఉత్తరదిశగా దండయాత్ర సాగించినప్పుడు పాడుకొనిన గీతమునకు వరుస యేదనుకొంటిరి? ఫ్రాన్సుదేశపు పసిపిల్లల పాట! సామ్రాజ్యవాదులను, సైనిక ప్రభువులను కూలద్రోయు మాటలు దానిలో నిమిడెను. నేడు చీనా శిశువు లదే వరుసలో రెండు పులుల గూర్చి పాడుకొందురు. వరుసకు పక్షము లేదు. పక్షమంతయు పెద్దలు చేర్చిన మాటలది.

1933లో షాంఘై వీథులలో వార్తాపత్రిక లమ్ముకొను నొక చిన్నపిల్లను న్యే అర్ అను యువ సంగీతకర్త చూచెను. కవయిత్రి యొకతెచే మాటలు వ్రాయించి, ఆ పిల్ల పాట్లనే పాటగా గట్టెను. పత్రిక వెల గూడ పాటలో నున్నచో పాడుచు నమ్ముకొందునని ఆ పిల్ల కోరగా, దానిని చేర్చిరని చెప్పుదురు. ఈ పాటలో గర్జన లేదు, ప్రతిజ్ఞ లేదు. ఆకలి యున్నది, రేపటిమీద ఆశ యున్నది. న్యే అర్ 1935 జూలైలో జపాను సముద్రతీరమున మునిగి మరణించెను, నాటికాతని కిరువదిమూడేండ్లు. అదే యేట నాతడు స్వరపరచిన స్వచ్ఛంద సైనికుల గీతము 1949లో ఆ దేశపు జాతీయగీతమైనది. దేశము పాడు పాటకును, వీథిపిల్ల పాడు పాటకును కర్త యొక్కడే యగుట గమనింపదగినది.

ఆ 1935లోనే హ్వాయ్‌ఆన్ పట్టణమునందలి షిన్‌అన్ ప్రాథమిక పాఠశాలనుండి 14 మంది విద్యార్థులు సంచారదళముగా బయలుదేరిరి. ఊరూర పాటలు పాడుచు, చలనచిత్రములు చూపుచు, జపాను దురాక్రమణ నెదిరింపుడని ప్రబోధించిరి. ఆ దళము కొత్తవారిని చేర్చుకొనుచు 1952 వరకు నిలిచెను. ఆ బడిని స్థాపించిన తావ్ షింగ్‌జీ, చదువు వచ్చిన బాలుడు రాని పెద్దలకు గురువు కావలెనని బోధించినవాడు. 1938లో మనదేశమునకు వచ్చి గాంధీజీని దర్శించెను. ఆయన దృష్టిలో పాట యక్షరాభ్యాసమునకు తోబుట్టువు.

ఇక 1942 నాటి పాట వినుడు. ఉత్తర చీనాలో శత్రుసైన్యమునకు దారి చూపుచున్నట్లు నటించి, వారిని ప్రజాసైన్యపు పొంచియున్న చోటికి గొనిపోయి, వారిచేతనే హతుడైన పసులకాపరి బాలుడు వాంగ్ అర్‌షియావ్ కథ యది. మన డాక్టరు కోట్నీసు సేవచేయుచు 1942 డిసెంబరు 9న కన్నుమూసిన పోరాటప్రాంతము నదియే. ఆ పాట విన్నవారికి కంట నీరు రాకమానదు. కాని ఆ కన్నీరెవరిది? బాలుని గాపాడలేకపోయిన పెద్దలదైనచో నది విలాపము. నీవు నిట్లే చావుమని మరియొక బాలునికి చెప్పునప్పుడు నది యాజ్ఞ యగును. పాట యొక్కటే; పాడించువాని యుద్దేశమే వేరు.

ఈ భేదమును మరచిన ఫలమేమో తరువాతి చరిత్ర చెప్పినది. 1950లో బాలదళమునకు గువో మోరో మాటలు వ్రాయగా మా సిత్సుంగ్ స్వరపరచెను. పిల్లలందరు దానిని పాడిరి. 1966లో సాంస్కృతిక విప్లవము చెలరేగగా, ఆ స్వరకర్తను తన సంగీత విద్యాలయపు విద్యార్థులే కొట్టి యవమానించిరి. 1967 జనవరిలో నాతడు కుటుంబముతో దేశము విడిచి పారిపోయెను, ద్రోహియను ముద్ర పడెను, పాటయు మూగవోయెను. 1966 ఆగస్టు 5న బీజింగు నగరమున బాలికల పాఠశాల యొకదానిలో ఉపప్రధానోపాధ్యాయిని విద్యార్థినుల దెబ్బలకే ప్రాణములు విడిచెను. పాటలే యా పని చేయించెనని నేననను. కాని యెవరినైన ద్వేషింపుమన్న ద్వేషింపవలెను, ఎందుకని యడుగరాదు అని యలవడిన మనస్సునకు బాల్యమందే పునాది పడును.

1970 నాటికి మావోను, తియెనాన్‌మెన్‌ను కీర్తించు పాట నొకదానిని షాంఘైలో నొక ప్రాథమిక పాఠశాల బాలుడే వ్రాసెను. గాజు కర్మాగారమున పని నేర్చుకొనుచున్న యువతి స్వరపరచెను. వరుస యింపైనది, అప్పుడు పిల్లలైనవారు నేటికిని దానిని కూనిరాగము తీయుదురు. వారి నేల తప్పుపట్టవలెను? అది వారి బాల్యము. 1978లో బాలదళమునకు మరియొక గీతము నిర్ణయింపబడెను. 1961 నాటి చలనచిత్రములోని దది. పాట లెన్ని మారినను పిల్లల నడిగి మార్చినవారు లేరు.

సోదరులారా! పిల్లలకు దేశభక్తి గీతములు వలదని నా వాదము కాదు. పాట లేని బాల్యము బాల్యమే కాదు. కాని మైనరు ఆస్తికి సంరక్షకుడు లెక్క చెప్పవలసినట్లే, బాలుని నోట నుంచిన ప్రతి మాటకును మనము లెక్క చెప్పవలెను. పత్రిక లమ్ముకొను పిల్లను చూపిన పాట తోడిమనుష్యుని చూపినది, అట్టివి నేర్పుదము. వాడు చేయగల పని, అనగా చదువుట, చదివించుట, ఆదుకొనుట, చెప్పు పాటలు నేర్పుదము. అర్థమడిగిన బాలుని గద్దించి కూర్చుండబెట్టవలసిన పాటయైనచో, దానిని మనమే విడుతము.

వచ్చు ఆదివారము ఆ బాలుడు మరల వచ్చును. వానితో నిట్లనెదను: "నాయనా, ఆ బాకీ నీది కాదు. అట్టి దినమే వచ్చినచో ముందు పెద్దవారము మేము తీర్చవలెను. నీవు చదువుకొనుము, పాడుకొనుము, ఇట్లే యడుగుచుండుము."