రాయబారి కోట, గోడ వెలుపలి జనము



దాదాపు నలుబది యేండ్ల క్రిందట మా గురువుగారు చరిత్ర చదువుకొనుచున్న మమ్ము హైదరాబాదు కోఠీలోని పాత బ్రిటిషు రెసిడెన్సీకి తోడ్కొనిపోయిరి. ఆ సౌధము ముందటి ఎత్తైన స్తంభములను గాని, మెట్లకు ఇరుప్రక్కల నున్న రాతిసింహములను గాని చూడనీయక, మొదట ప్రహరీ వెంబడి ఒక చుట్టు నడిపించి, ఎండకు కాగియున్న రాతిమీద మా అరచేతులు ఆనించి, "ఇల్లు కట్టిన ఏబదేండ్లకు గాని ఈ గోడకు ఇంత బలము రాలేదు, నడుమ ఏమి జరిగినది?" అని అడిగిరి. మాలో ఒక్కరమును వారికి తృప్తి కలుగునట్లు చెప్పలేకపోతిమి. వారి స్మృత్యర్థమై నేడు నేను చేయు ఉపన్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా సమర్పించుకొను సమాధానము.

రాయబారము మన వాఙ్మయమునకు కొత్త కాదు. సంధి మాటాడుటకై హస్తినాపురమునకు వెళ్ళిన శ్రీకృష్ణుడు విదురుని యింట బస చేసెను. లంకలో పట్టుబడిన హనుమంతుని వధింపుడని రావణుడు ఆజ్ఞాపింపగా, దూత అవధ్యుడని విభీషణుడు అడ్డుపడెను. ఉభయత్ర దూతను కాచినది ఆ యూరిలోని ఒకానొక ధర్మజ్ఞుడు. 1961లో వియన్నాలో కుదిరిన దౌత్యసంబంధముల ఒడంబడికలోని 22వ అధికరణము సైతము ఆ ధర్మమునే శాసనభాషలో చెప్పి, రాయబార కార్యాలయమును కాపాడు భారమును ఆతిథ్యమిచ్చిన రాజ్యముపై ఉంచినది. ఆ రాజ్యము కాపాడలేనప్పుడు, లేదా కాపాడుటకు ఇచ్చగింపనప్పుడు, రాయబారి తన కోట తానే కట్టుకొనును.

కోఠీ కథ అటువంటిదే. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అను రెసిడెంటు, అనగా నిజాము కొలువులోని బ్రిటిషు రాయబారి, నిజాము ధనముతోనే మూసీనది ఉత్తరపు టొడ్డున ఆ భవనమును కట్టించెను. అతడు ఖైరున్నీసా బేగమును వివాహమాడి, నగరములోని ప్రభుకుటుంబములతో కలసిమెలసి మసలినవాడు. తరువాత వచ్చినవారిలో ఆ చనవు సన్నగిల్లి, ఆధిపత్యము మిగిలినది. 1857 జూలై 17, శుక్రవారమునాడు, తుర్రేబాజ్ ఖానును మౌల్వీ అల్లావుద్దీనును ముందు నడువగా, మక్కా మసీదునుండి కదలిన రోహిలాలు రెసిడెన్సీ పడమటి గోడ కెదురుగా నున్న రెండు షావుకారు ఇండ్లను ఆక్రమించి రాత్రియెల్ల తుపాకులు కాల్చిరి. తెల్లవారునప్పటికి ఫిరంగుల ధాటికి ముట్టడి చెదరినది. తుర్రేబాజ్ ఖాను తూప్రాను చెంత హతుడయ్యెను. మౌల్వీ అండమానుకు పంపబడి అచటనే కన్నుమూసెను. పిదప గోడ బలిసినది, బురుజులు లేచినవి. ఇంతవరకు పాఠ్యపుస్తకములలోనిదే. దాడి రానున్నదని రెసిడెంటు డేవిడ్సనుకు ముందుగా కబురంపినవాడు దివాను సాలార్ జంగు అనునది మాత్రము గురువుగారు మాకు పట్టి చూపిరి. సాలార్ జంగు చేసిన పని ప్రజలపక్షమున నిలిచి చూచినచో మెచ్చదగినదని నేననను. అది వేరొక వివాదము. కాని ఆ రాత్రి కోఠీని నిలిపిన వానిలో గోడ వెలుపలినుండి వచ్చిన ఆ మాట ఒకటి. బురుజులు లేచిన తరువాత అటువంటి మాటలు లోనికి వచ్చుట సులభమైనదా, దుర్లభమైనదా అనునదే నన్ను ఇన్నేండ్లుగా వెన్నాడుచున్న చింత.

ముట్టడి పిదప గోడ బలియుట చైనాలోను జరిగినది. 1900లో పెకింగులోని విదేశరాయబారులు జూన్ 20 మొదలు ఆగస్టు 14 వరకు, ఏబదియైదు దినములు, ముట్టడిలో చిక్కిరి. వారిని విడిపింప నగరపుగోడ క్రింది నీటితూము గుండ మొట్టమొదట లోపలికి చొచ్చినవారు బ్రిటిషు సేనలోని భారతీయ సిపాయిలు. మరుసటి యేడు కుదిరిన ఒడంబడికతో రాయబారుల పేట కోటయై, దాని చుట్టును ఖాళీమైదానమేర్పడి, చైనీయులు అందు కాపురముండరాదను కట్టడి వెలసినది. తన నగరములోనే ఒక పేటలో నివసింపరాదని నగరవాసికి పరులు శాసించుట కంటె అవమానకరమైన గోడ మరొకటి ఉండునా?

ఇరువదవ శతాబ్ది మధ్యలో కొంతకాలము వేరొక గాలి వీచినది. చాణక్యపురిలోని అమెరికా రాయబార కార్యాలయమునకు 1956లో శంకుస్థాపన జరిగి 1959 జనవరిలో ద్వారములు తెరచుకొన్నవి. ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ అను శిల్పి దాని గోడలను మన జాలీపని పోలికగా, వెలుతురును వడగట్టు తెరలవలె అల్లించి, నడుమ నీటికొలను నుంచెను. అదే దశకములో బాగ్దాదునందు టైగ్రిస్ నది ఒడ్డున అమెరికావారికే జోసెప్ లూయిస్ సెర్ట్ మరొక ప్రాంగణమును రూపొందించెను. దానిలో ప్రధానమైన శత్రువు ఎండ. కప్పుమీద గొడుగువంటి మరొక కప్పు, నడుమ గాలి యాడుటకు సందు, నీడనిచ్చు పలకలు, నీరు పారు తోటలు, ఇవే ఆనాటి రక్షణసాధనములు. 1967 యుద్ధానంతరము ఇరాకు సంబంధములు తెంచుకొనగా ఆ భవనమును వదలి వెళ్ళిరి. బాగ్దాదులో అమెరికా రాయబారము ఒకప్పుడు నీడను వెదకినదని ఎరిగినవారు నేడు అరుదు.

ఆ మృదుత్వమును సైగాను, బీరూటు నగరములు హరించినవి. సైగానులో 1965 నాటి బాంబుదాడి తరువాత కట్టిన కొత్త కార్యాలయపు ప్రహరీకే 1968 జనవరి 31న కన్నము వేసి గెరిల్లాలు చొరబడిరి. 1975 ఏప్రిలులో దాని పైకప్పునుండి హెలికాప్టరులు ఎగిరిపోవుచుండగా, తీసికొనిపోదుమని మాట పొందినవారే నాలుగు వందలకు పైగా ఆవరణలో మిగిలిపోయిరి. 1983 ఏప్రిల్ 18న బీరూటులోని అమెరికా రాయబార కార్యాలయముపై బాంబుదాడిలో 63 మంది చనిపోయిరి. 1985లో రాయబార కార్యాలయముల భద్రతను పరిశీలించిన ఇన్‌మన్ సంఘము వీధికిని భవనమునకును నడుమ నూరడుగుల దూరముండవలెనని చెప్పినది. నూరడుగుల నియమము చిన్నదిగా దోచును. కాని నగరమధ్యమున అంత నేల దొరకదు గనుక, ఆ ఒక్క కొలతయే రాయబారిని అంగడివీధినుండి ఊరిచివరకు నెట్టినది.

నైరోబీలోని అమెరికా రాయబారి ప్రుడెన్స్ బుష్నెల్ తన కార్యాలయము రద్దీవీధుల కూడలిలో నున్నదని, కొత్తది కావలెనని ముందే వ్రాసియుండెను. అది జరుగలేదు. 1998 ఆగస్టు 7న పేలుడు సంభవించినది. అచట 213 మంది మరణించిరి. అందు అమెరికనులు 12 మంది. తక్కినవారిలో అత్యధికులు కెన్యా వాసులు. ప్రక్కనున్న ఉఫుండి భవనము కుప్పకూలినది. దానిలోనివారికి ఏ దేశపు రాయబారముతోను పని లేదు. ఆ దాడి తరువాత 1999లో చేసిన చట్టము నూరడుగుల దూరమును విధిగా శాసించినది. చట్టము న్యాయమైనదే. లెక్క మాత్రము మరువరాదు: 213లో 12.

ఇక బాగ్దాదునకు వత్తము. 2003 ఆగస్టు 19న, కాపలా పలుచగా నున్న ఐక్యరాజ్యసమితి కార్యాలయముపై బాంబుదాడిలో సమితి ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లోతో కూడ 22 మంది హతులైరి. గోడ వలదని నాతో వాదింపవచ్చిన వారికి నేను మొదట చూపునది ఈ సంఘటననే. 2004 జూన్ 28న అధికారము ఇరాకీయులకు అప్పగింపబడినపుడు అమెరికా రాయబారము సద్దాం హుస్సేను ప్రాసాదములోనే నడుచుచుండెను. దేశమును ఆక్రమించినవారు నిష్క్రమించిన ప్రభువు గద్దెగదిలోనే కూర్చుండి మేము అతిథులమనుట ఆ నగరము చెవికి ఎట్లు వినబడియుండునో ఊహింపుడు. 2005లో కొత్త నిర్మాణము మొదలైనది. 104 ఎకరముల నేల, అనగా దాదాపు వాటికన్ నగరమంత. ఇరువదికి పైగా భవనములు. సొంత విద్యుత్తు, సొంత నీరు, సొంత మురుగునీటి శుద్ధి. ఆరువందలకు పైగా నివాసగృహములు, ఈతకొలను, వ్యాయామశాల. ఖర్చు 70 కోట్ల డాలర్లను మించినది. 2009 జనవరి 5న ఇరాకు అధ్యక్షుడు జలాల్ తలబానీ సమక్షమున రాయబారి రయన్ క్రాకర్ దానిని ప్రారంభించెను. వెలుపల బాగ్దాదు నగరము దినములో కొన్ని గంటల విద్యుత్తునకై జెనరేటరు నడుపువానికి నెలనెల రొక్కమిచ్చుకొనుచున్న కాలమది. ఊరి తీగతో, ఊరి గొట్టముతో సంబంధము లేని ఇంటికి ఊరి బాధ ఎట్లు తెలియును? అచటికి వచ్చిన దౌత్యాధికారులు ఒకటి రెండేండ్లలో మారిపోవుచుండ, గోడ దాటుటకు సాయుధవాహనముల వరుస కావలసియుండ, టీకొట్టులో కూర్చుండి ఒక ఇరాకీ మాట వినుట ఒక సైనికచర్య వంటిదైనది.

ఆ గోడ కట్టినదెవరు? కువైటు కంపెనీ గుత్తకు తీసికొనగా, దక్షిణాసియానుండి, ఫిలిప్పీన్సునుండి వచ్చిన కూలీలు కట్టిరి. కొందరిని దుబాయి పోవుదుమని నమ్మించి బాగ్దాదు విమానమెక్కించిరని 2007 జూలైలో అమెరికా ప్రతినిధుల సభాసంఘము ఎదుట సాక్ష్యము వచ్చినది. కంపెనీ ఆ ఆరోపణలను నిరాకరించినది. తీర్పు చెప్పుటకు నేను న్యాయాధిపతిని కాను. అయినను, పాసుపోర్టు కంపెనీవాని బీరువాలో నుండుట యనగా నేమో కరీంనగరం, నిజామాబాదు జిల్లాలనుండి ఈ సభకు వచ్చినవారికి నేను వివరింప నక్కరలేదు. 2004లోనే మన ప్రభుత్వము ఇరాకుకు పనికి పోవుటను నిషేధించినది. నిషేధము ఉన్నంతమాత్రమున ఆకలి ఆగునా, ఏజెంటు ఆగునా?

గోడ మన దేశమునకును తప్పలేదు. 2008 జూలై 7న కాబూలులోని భారత రాయబార కార్యాలయపు వాకిట కారుబాంబు పేలగా బ్రిగేడియరు రవిదత్ మెహతా, విదేశాంగాధికారి వి. వెంకటేశ్వరరావు, కాపలాలోని ఇద్దరు ఐటీబీపీ జవానులు మరణించిరి. మొత్తము మృతులు 58 మంది. వారిలో అత్యధికులు ఆఫ్ఘనులు, వీసాకై వరుసలో నిలిచినవారు, దారిన పోవుచున్నవారు. 2009 అక్టోబరు 8న మరల దాడి జరిగినది. ఈసారి కట్టుదిట్టమైన గోడ తన పని తాను చేసినది, లోపలివారు బ్రదికిరి. వెలుపల 17 మంది చనిపోయిరి.

బాగ్దాదు కోటయు అభేద్యమేమి కాలేదు. 2019 డిసెంబరు 31న జనము దాని ద్వారమును పగులగొట్టి, సందర్శకులు కూర్చుండు స్వాగతమందిరమును తగులబెట్టిరి. ఊరివారి కొరకై ఆ ప్రాంగణమున కట్టిన గది అదియే.

గోడ లేకుండ గుమాస్తాను కూర్చుండుమని నేననజాలను. వెంకటేశ్వరరావు వంటివారి పిల్లల యెదుట నిలిచి ఆ మాట పలుకుటకు నాకు నోరు రాదు. నేను చెప్పునది ఇంతే: గోడ ఎత్తైన ప్రతిసారి మృత్యువు వరుసలో నిలిచినవానివైపు జరిగినది, కబురు తెచ్చువాడు దూరమైనాడు, ఈ రెంటిని నిర్మాణవ్యయములో ఎవ్వరును చేర్చలేదు.

విద్యార్థులారా, బాగ్దాదునందు, కువైటునందు, కాబూలునందు అట్టి గోడలకు ఇటుక మోసి, సిమెంటు కలిపి, తీగలు లాగి వచ్చినవారు మన గ్రామములలో ఇంకను ఉన్నారు. వారు బ్రదికియుండగనే వారివద్దకు పొండు. ఏ ఏజెంటుకు ఎంత ఇచ్చిరి, పాసుపోర్టు ఎవరివద్ద నుండెను, గోడకు ఏ వైపున నిద్రించిరి అని అడిగి, వారి మాటలలోనే వ్రాసికొని, ఆ కాగితములను మన గ్రంథాలయమునకు తెచ్చియిండు. గురువుగారి పేర ఒక బీరువా ఖాళీగా ఉంచితిమి.